ఫ్రీ ట్రయల్ పథకాలు

ఫ్రీ ట్రయల్ అనగా ఒక వస్తువును గాని, సేవను గాని కొనుటకు ముందు కొంతకాలం సొమ్ము చెల్లించకుండా వాడి చూచేందుకు అమ్మకందారు కల్పించే అవకాశం. దీనిని తెలుగులో ఉచిత పరిచయ గడువు అనవచ్చును. సినిమాలు చూపే ఓటీటీ సేవలు, పాటల యాప్‌లు, వార్తాపత్రికల అంతర్జాల సంచికలు, పిల్లల పాఠాల యాప్‌లు, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు, వ్యాయామశాలలు మొదలైనవాటిలో ఈ పద్ధతి విరివిగా కనిపిస్తుంది. గడువు సాధారణంగా 7, 14 లేదా 30 రోజులు ఉంటుంది.

ఇటువంటి పథకాలలో చాలావాటిలో చేరే రోజుననే కార్డు వివరాలు గాని, యూపీఐ అనుమతి గాని ఇవ్వవలసి ఉంటుంది. గడువు ముగిసేలోగా "వద్దు" అని చెప్పనివారి ఉచిత గడువు దానంతట అదే చందాగా మారి, ఖాతా నుండి సొమ్ము తీసుకొనబడుతుంది. మౌనం అర్ధాంగీకారం అని తెలుగు సామెత. ఈ పథకాలలో మౌనం పూర్ణాంగీకారం. అనుకోని వసూళ్లలో ఎక్కువభాగం ఈ ఒక్క నియమం నుండే పుడుతున్నవి. ఈ విషయంలో వివిధ దేశాలు చేసిన చట్టాలన్నీ మౌనానికి ఇంత బలం ఉండరాదనే ఉద్దేశంతో చేసినవే.

రకాలు

* సొమ్ము వివరాలు అడగనివి: ఫోన్ నంబరు లేక ఈమెయిల్ ఇస్తే చాలును. గడువు ముగియగానే సేవ ఆగిపోతుంది. వీటిలో అనుకోని వసూలుకు అవకాశం లేదు.
* సొమ్ము వివరాలు ముందే అడిగేవి: గడువు ముగిసిన వెంటనే చందా మొదలవుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా వీటి గురించియే.
* నామమాత్రపు రుసుముతో మొదలయ్యేవి: "ఒక్క రూపాయికే" అని ప్రకటించి, ఆ రూపాయి చెల్లింపుతో పాటే నెలనెలా పెద్ద మొత్తం తీసుకొనుటకు అనుమతి పొందుతారు. చూచినవారికి ఒక రూపాయి చెల్లింపుగా తోచినది నిజానికి దీర్ఘకాలపు ఆదేశం.
* వస్తువుల నమూనాలు: రవాణా ఖర్చు మాత్రం చెల్లిస్తే సౌందర్య సాధనాలు, బలవర్ధక మాత్రలు మొదలైనవి "ఉచితంగా" పంపుతారు. నిర్ణీత దినాలలో తిరిగి పంపనిచో పూర్తి ధర వసూలు చేసి, ప్రతి నెలా కొత్త సరుకు పంపుతారు.

చరిత్ర

మౌనాన్ని అంగీకారంగా తీసుకొనే వ్యాపార పద్ధతి అంతర్జాలం కన్న చాలా పాతది. అమెరికాలో 1926లో హ్యారీ షెర్మన్ మొదలైనవారు స్థాపించిన బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్బు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. క్లబ్బు ఆ నెలకు ఎంపిక చేసిన పుస్తకం వద్దనుకొన్న సభ్యుడు ఒక కార్డును తిరిగి పంపవలెను. కార్డు పంపనిచో పుస్తకం ఇంటికి వచ్చేది, దాని వెంట బిల్లు కూడా వచ్చేది. 1955లో మొదలైన కొలంబియా రికార్డ్ క్లబ్బు ఇదే విధానాన్ని గ్రామఫోను రికార్డులకు అన్వయించింది.

ఈ క్లబ్బులపై ఫిర్యాదులు పెరుగగా అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1973లో ఒక నియమం చేసింది. దాని ప్రకారం "వద్దు" అని చెప్పుటకు సభ్యునికి కనీసం 10 రోజుల వ్యవధి ఇవ్వవలెను.

1990 దశకంలో కంప్యూటర్లతో పాటు ఈ పద్ధతి కొత్త రూపం దాల్చింది. అంతర్జాల సంధానాన్ని అమ్మే సంస్థలు కొన్ని గంటల ఉచిత వాడుక ఇస్తామని ప్రకటించి, చేరేటప్పుడు క్రెడిట్ కార్డు వివరాలు తీసుకొనేవి. ఉచిత వాడుక అనంతరం చెప్పకుండా బిల్లు వేస్తున్నారన్న ఆరోపణలపై అమెరికా ఆన్‌లైన్, కంప్యూసర్వ్, ప్రాడిజీ అనే మూడు సంస్థలు 1997లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ చేసుకొన్నవి. స్మార్ట్‌ఫోన్లు వచ్చిన తరువాత చేరుటకు ఒక్క వేలిముద్ర చాలినది. చేరుట ఎంత తేలికైనదో మరచిపోవుట కూడ అంత తేలికైనది.

భారతదేశంలో సామాన్య ప్రజలకు ఈ అనుభవం తొలుత మొబైల్ ఫోన్ల ద్వారా కలిగింది. కాలర్ ట్యూన్, జాతకాలు, క్రికెట్ స్కోరు వంటి సేవలు కొద్దిరోజులు ఉచితమని చెప్పి, ఆ తరువాత ప్రీపెయిడ్ నిల్వ నుండి సొమ్ము తీసివేసేవారు. ప్రకటన వినుచు పొరపాటున ఒక మీట నొక్కినా సేవ మొదలయ్యేది. దీనిని అరికట్టుటకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013 జులైలో, ఇటువంటి సేవను ప్రారంభించే ముందు వినియోగదారు నుండి రెండు మారులు అంగీకారం తీసుకొనవలెనని ఆదేశించింది. సేవలను నిలిపివేయుటకు 155223 అనే ఉచిత నంబరు అన్ని టెలికాం సంస్థలకు ఉమ్మడిగా ఏర్పడింది.

వసూలు జరిగే విధానం

కార్డు ద్వారా గాని, యూపీఐ ద్వారా గాని మళ్ళీ మళ్ళీ సొమ్ము తీసుకొనుటకు ఖాతాదారు ముందుగా ఇచ్చే అనుమతిని ఈ-మ్యాండేట్ అంటారు. యూపీఐలో ఇదే పని చేసే ఆటోపే సదుపాయాన్ని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2020 జులైలో ప్రవేశపెట్టింది. అనుమతి ఇచ్చే రోజున ఓటీపీ లేక పిన్ అడుగుతారు. తరువాతి వాయిదాలకు, మొత్తం నిర్ణీత పరిమితి లోపు ఉన్నచో, మరల అడుగరు.

ఇక్కడ వినియోగదారులు తికమకపడే అంశాలు మూడు ఉన్నవి.

మొదటిది, యాప్‌ను ఫోన్ నుండి తొలగించినంత మాత్రాన చందా రద్దు కాదు. చందా ఫోనులో లేదు, వినియోగదారు ఖాతాలో ఉన్నది. గూగుల్ ప్లే, ఆపిల్ సంస్థలు రెండూ ఈ విషయాన్ని తమ సహాయ పుటలలో స్పష్టంగా చెప్పుచున్నవి.

రెండవది, గడువు చివరి రోజు వరకు ఆగుట ప్రమాదకరం. ఆపిల్ ద్వారా తీసుకొన్న ఉచిత గడువును అది ముగియుటకు కనీసం 24 గంటల ముందు రద్దు చేసుకొనవలెను. ఒకటవ తేదీ సాయంకాలం మొదలైన 7 రోజుల గడువు ఎనిమిదవ తేదీ సాయంకాలంతో ముగుస్తుంది. కనుక ఏడవ తేదీ సాయంకాలంలోగా పని పూర్తి కావలెను.

మూడవది, చందా రద్దు వేరు, చెల్లింపు అనుమతి రద్దు వేరు. బ్యాంకులో లేక యూపీఐ యాప్‌లో అనుమతిని రద్దు చేసినచో సొమ్ము పోవుట ఆగుతుంది. కాని అమ్మకందారు లెక్కలలో చందా కొనసాగుచు, బకాయి ఉన్నట్లు చూపవచ్చును. అమ్మకందారు వద్ద రద్దు చేసి, తరువాత అనుమతిని కూడ తొలగించుట సరియైన క్రమం.

నష్టం ఒక్కసారిగా పెద్దదిగా కనపడకపోవుట ఈ వసూళ్ల ప్రత్యేక లక్షణం. నెలకు రూ.299 చొప్పున ఎవరూ వాడని చందా రెండు సంవత్సరాలు సాగితే పోయే మొత్తం రూ.7,176. పింఛను మీద ఆధారపడిన కుటుంబానికి ఇది ఒక నెల మందుల ఖర్చు కావచ్చును. పెద్దల ఫోన్లలో పిల్లలు, మనుమలు ఆటల కోసమో, పాఠాల కోసమో చేరిన చందాలు ఈ విధంగా చాలాకాలం గమనింపబడక సాగుతుంటవి.

భారతదేశంలో నిబంధనలు

రిజర్వు బ్యాంకు నిబంధనలు

ఈ-మ్యాండేట్లపై భారతీయ రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టు 21న ఆదేశాలు జారీ చేసింది. తొలుత కార్డులకు వర్తించిన ఈ ఆదేశాలు 2020 జనవరిలో యూపీఐకి కూడ విస్తరించినవి. పాత అనుమతులన్నీ కొత్త పద్ధతికి మారవలసిన గడువు 2021 సెప్టెంబరు 30తో ముగిసింది. వీటిలోని ముఖ్యాంశాలు:

* సొమ్ము తీసుకొనుటకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం పంపవలెను. అందులో అమ్మకందారు పేరు, మొత్తం, తేదీ, కారణం ఉండవలెను.
* సందేశం అందిన తరువాత ఆ ఒక్క వాయిదాను గాని, మొత్తం అనుమతిని గాని వద్దనే అవకాశం ఖాతాదారుకు ఉండవలెను.
* మారుచుండే మొత్తాలకు అనుమతి ఇచ్చేటప్పుడు గరిష్ఠ పరిమితిని ఖాతాదారు తానే నిర్ణయించుకొనవచ్చును.
* ఈ సదుపాయానికి ఖాతాదారు నుండి రుసుము తీసుకొనరాదు.

ప్రతి వాయిదాకు ఓటీపీ అవసరం లేని పరిమితి మొదట రూ.2,000 ఉండగా, దానిని తరువాత రూ.5,000కు, 2022 జూన్‌లో రూ.15,000కు పెంచారు. మ్యూచువల్ ఫండ్లు, బీమా ప్రీమియం, క్రెడిట్ కార్డు బిల్లులకు మాత్రం 2023 డిసెంబరులో ఈ పరిమితి లక్ష రూపాయలైనది. సామాన్యులు కట్టే చందాలు దాదాపు అన్నీ రూ.15,000 లోపువే. కనుక వాటికి ఓటీపీ రక్షణ లేదు. 24 గంటల ముందు వచ్చే సందేశం ఒక్కటే రక్షణ. దానిని చదువకుండ తుడిచివేసినవారి మౌనం మరల అంగీకారమే అవుతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మేరకు 2020 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. అదే నెలలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ముందే టిక్కు పెట్టి ఉంచిన గడుల ద్వారా వినియోగదారు అంగీకారాన్ని నమోదు చేయరాదు.

ఈ సంస్థ 2023 నవంబరు 30న "డార్క్ ప్యాటర్న్స్", అనగా వినియోగదారును తప్పుదారి పట్టించే తెర అమరికల నివారణకు మార్గదర్శకాలు ప్రకటించింది. అందులో పేర్కొన్న 13 రకాలలో రెండు ఫ్రీ ట్రయల్ పథకాలకు నేరుగా సంబంధించినవి.

* చందా ఉచ్చు: రద్దు చేసుకొనుటను అసాధ్యంగా గాని, సుదీర్ఘంగా గాని చేయుట, రద్దు మీటను దాచిపెట్టుట, ఉచిత చందా కోసం సైతం చెల్లింపు వివరాలు లేక ఆటో డెబిట్ అనుమతి ఇచ్చి తీరవలెనని నిర్బంధించుట దీని కిందికి వస్తవి.
* సాస్ బిల్లింగ్: ఉచిత గడువు చెల్లింపు చందాగా మారునప్పుడు వినియోగదారుకు తెలియపరచకుండుట, తెలియపరచకుండ ఖాతా నుండి సొమ్ము తీసుకొనుట మొదలైనవి.

ఈ మార్గదర్శకాలు వచ్చిన తరువాత కూడ చెల్లింపు వివరాలు అడిగే ఉచిత పథకాలు మార్కెట్టులో కొనసాగుతున్నవి. 2025 జూన్‌లో ప్రాధికార సంస్థ ఈ-కామర్స్ సంస్థలన్నింటినీ తమ వేదికలను మూడు నెలలలో స్వయంగా తనిఖీ చేసుకొనవలసినదిగా కోరింది.

ఇతర దేశాలలో

అమెరికాలో 2010 డిసెంబరులో వచ్చిన ఆన్‌లైన్ కొనుగోలుదారుల విశ్వాస పునరుద్ధరణ చట్టం ప్రకారం అమ్మకందారు షరతులను సొమ్ము వివరాలు అడుగక ముందే స్పష్టంగా చెప్పవలెను, కొనుగోలుదారు స్పష్టమైన సమ్మతి పొందవలెను, రద్దుకు సులభమైన మార్గం చూపవలెను. చేరిన తేలికతోనే బయటపడు వీలుండవలెనని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరులో "క్లిక్ టు క్యాన్సల్" అనే నియమం తెచ్చింది. కాని నియమం చేయుటలో పాటించవలసిన ప్రక్రియను పాటించలేదను కారణంతో ఒక ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం 2025 జులైలో దానిని కొట్టివేసింది.

2010 నాటి చట్టం కిందనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెజాన్ సంస్థపై 2023లో దావా వేసింది. సమ్మతి లేకుండ ప్రైమ్ చందాలో చేర్చుకొన్నారని, రద్దును కష్టతరం చేశారని అందులోని ఆరోపణ. రద్దు చేసుకొనే ప్రక్రియకు సంస్థ లోపల "ఇలియడ్" అని పేరు ఉండేదని దావాలో పేర్కొన్నారు. ఇలియడ్ గ్రీకు మహాకవి హోమర్ రచించిన సుదీర్ఘ యుద్ధ కావ్యం. 2025 సెప్టెంబరులో సంస్థ తప్పు అంగీకరించకుండానే 250 కోట్ల డాలర్లకు రాజీ చేసుకొన్నది. అందులో 150 కోట్ల డాలర్లు వినియోగదారులకు తిరిగి ఇచ్చుటకు ఉద్దేశించినది.

జర్మనీలో 2022 జులై 1 నుండి, అంతర్జాలంలో చందాలు అమ్మే సంస్థలు తమ వెబ్‌సైటులో రద్దు మీటను సులభంగా కనపడునట్లు ఉంచవలెనను చట్టం అమలులోనికి వచ్చింది.

విదేశాలలో చదువుకొనే, ఉద్యోగం చేసే తెలుగువారికి ఒక ముఖ్యమైన తేడా తెలిసి ఉండవలెను. భారతదేశంలో అంతర్జాల చెల్లింపుకు ఓటీపీ వచ్చుట అలవాటు. అమెరికా కార్డులకు సాధారణంగా ఓటీపీ అడుగరు. 24 గంటల ముందు సందేశం పంపవలెనను రిజర్వు బ్యాంకు నియమం కూడ ఆ కార్డులకు వర్తించదు. కార్డు నంబరు ఒకసారి ఇచ్చినచో సొమ్ము తీసుకొనుటకు అదే చాలును.

తీసుకొనవలసిన జాగ్రత్తలు

చేరుటకు ముందు

* ఉచిత గడువు ఎన్ని దినాలు, ఆ తరువాత ఎంత మొత్తం, నెలకా సంవత్సరానికా అను మూడు విషయాలు తెలియకుండ వివరాలు ఇవ్వరాదు. "రోజుకు కొన్ని రూపాయలే" అని ప్రకటించిన చందాలో సంవత్సరపు మొత్తం ఒకేసారి తీసుకొనుట కలదు.
* రద్దు చేయు మార్గం ఎక్కడ ఉన్నదో ముందే చూడవలెను. ఫోన్ చేసి మాత్రమే రద్దు చేయవలెననే పథకాలకు దూరంగా ఉండుట మంచిది.
* అపరిచిత సంస్థల ఉచిత నమూనాలకు కార్డు నంబరు ఇవ్వరాదు.

చేరునప్పుడు

* పిన్ నొక్కుటకు ముందు తెరపై ఉన్న మొత్తంతో పాటు "ఆటోపే", "మ్యాండేట్" అను మాటలు, గరిష్ఠ పరిమితి, ముగింపు తేదీ చదువవలెను. ఒక రూపాయికి పిన్ కొట్టుచున్నామా, వేల రూపాయల అనుమతికి కొట్టుచున్నామా అన్నది అక్కడే తెలుస్తుంది.
* ముందే టిక్కు పెట్టిన గడులుంటే తీసివేయవలెను.
* షరతులు కనపడే తెరను ఫొటో తీసి దాచుకొనవలెను. వివాదం వచ్చినప్పుడు ఇదే సాక్ష్యం.
* గడువు ముగియుటకు రెండు రోజుల ముందు తేదీని గోడ క్యాలెండరులో గాని, ఫోను అలారంలో గాని గుర్తు పెట్టుకొనవలెను.

గడువు లోపల

* కొనసాగించు ఉద్దేశం లేనివారు చేరిన రోజుననే రద్దు చేసుకొనవచ్చును. చాలా సేవలు రద్దు చేసిన తరువాత కూడ ఉచిత గడువు చివరి వరకు పనిచేస్తవి. కొన్ని మాత్రం వెంటనే ఆగిపోతవి.
* ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోరు తెరచి, ఖాతా బొమ్మను నొక్కి, చెల్లింపులు-చందాలు అను విభాగంలో చూడవలెను. ఐఫోనులో సెట్టింగ్స్ తెరచి, పైనున్న తమ పేరును నొక్కి చందాల విభాగం చూడవలెను. అమ్మకందారు వెబ్‌సైటులో నేరుగా చేరిన చందాలు ఈ జాబితాలలో కనపడవు. వాటిని ఆ వెబ్‌సైటులోనే రద్దు చేయవలెను.
* రద్దు అయినట్లు వచ్చిన సందేశాన్ని లేక ఈమెయిల్‌ను భద్రపరచవలెను. అది రానిచో రద్దు పూర్తి కానట్లే భావించవలెను.
* తరువాత యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలో గాని, బ్యాంకు వెబ్‌సైటులో గాని అనుమతిని తొలగించవలెను.

ఖాతాలో నిల్వ తక్కువగా ఉంచుటను కొందరు ఉపాయంగా చెప్పుదురు. ఇది నమ్మదగినది కాదు. చెల్లింపు విఫలమైనప్పుడు కొన్ని బ్యాంకులు రుసుము విధించవచ్చును.

సొమ్ము పోయిన తరువాత

ముందుగా చందాను రద్దు చేసి తరువాతి వాయిదాను ఆపవలెను. అటుపిమ్మట అమ్మకందారుకు వ్రాతపూర్వకంగా, చేరిన తేదీ, వసూలైన తేదీ, మొత్తం పేర్కొని, సేవను వాడలేదని తెలియజేసి సొమ్ము తిరిగి కోరవలెను. వెంటనే అడిగినవారికి పలు సంస్థలు తిరిగి ఇస్తున్నవి. ఆలస్యమైనకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. గూగుల్ ప్లే లేక ఆపిల్ ద్వారా చెల్లించినచో ఆ సంస్థలకే అభ్యర్థన పెట్టవలెను.

బ్యాంకును ఆశ్రయించువారు ఒక భేదం గమనించవలెను. అనధికార లావాదేవీలపై రిజర్వు బ్యాంకు 2017 జులైలో జారీ చేసిన ఆదేశం ప్రకారం, తన తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండ మూడవవారి వలన సొమ్ము పోయిన ఖాతాదారు మూడు పనిదినాలలో తెలియజేసినచో అతనిపై భారం పడదు. అయితే తానే పిన్ కొట్టి అనుమతించిన చందా అనధికార లావాదేవీ కాదు. కనుక "మోసం జరిగింది" అని మాత్రమే వ్రాసిన ఫిర్యాదు నిలువకపోవచ్చును. ముందస్తు సందేశం రాలేదనో, రద్దు చేసిన తరువాత తీసుకొన్నారనో, షరతులు దాచిపెట్టారనో వాస్తవమైన కారణం ఆధారంతో వ్రాయవలెను. బ్యాంకు 30 రోజులలో పరిష్కరించనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును.

అమ్మకందారుపై ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. ఇక్కడ తెలుగులో కూడ మాట్లాడవచ్చును. పరిష్కారం కానిచో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించు జిల్లాలోనే కేసు వేయవచ్చును. సంస్థ కార్యాలయం ఉన్న ఊరికి పోనవసరం లేదు. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల లోపు ఉన్నచో ఫిర్యాదు రుసుము లేదు. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి ద్వారా ఇంటి నుండే దాఖలు చేయవచ్చును. సంస్థయే బూటకమైనదని తేలినచో అది సైబర్ నేరం. వెంటనే 1930కి ఫోన్ చేయవలెను.

అమెరికాలో క్రెడిట్ కార్డు వాడువారు 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ప్రకారం, పొరపాటు కనిపించిన మొదటి బిల్లు పంపిన 60 రోజులలోగా కార్డు సంస్థకు వ్రాతపూర్వకంగా అభ్యంతరం తెలుపవలెను. బ్యాంకు ఖాతా నుండి క్రమంగా పోవు చెల్లింపును ఆపుటకు కనీసం మూడు పనిదినాల ముందు బ్యాంకుకు తెలియజేయవలెను.

ప్రయోజనాలు, విమర్శలు

ఫ్రీ ట్రయల్ దానంతట అది చెడ్డ పద్ధతి కాదు. చీర నేత పరికించి, మామిడిపండు రుచి చూచి కొనుట మన సంతలలో ఎప్పటి నుండియో ఉన్నదే. చూడని వస్తువును కొని నష్టపోకుండ ఇది కాపాడుతుంది. కొత్త సంస్థలకు తమ సేవను పరిచయం చేసుకొనుటకు కూడ ఉపకరిస్తుంది.

అయితే సంతలో రుచి చూచి ఏమీ అనక వెళ్ళిపోయినవాని వెంట దుకాణదారు డబ్బుకై రాడు. అక్కడ మౌనానికి "వద్దు" అని అర్థం. ఫ్రీ ట్రయల్‌లో ఆ అర్థం తలక్రిందులవుతుంది. గడువు ముగియగానే సేవ ఆగిపోయి, కావలసినవారు తామే వచ్చి సొమ్ము కట్టే పద్ధతిని అన్ని సంస్థలు పాటించినచో ఈ వివాదాలలో ఎక్కువ భాగం తలెత్తవని వినియోగదారుల పక్షం వహించువారు వాదిస్తున్నారు. అది జరుగువరకు "వద్దు" అను మాటను సకాలంలో, సాక్ష్యం మిగులునట్లు చెప్పుట వినియోగదారు చేతిలోని పని.

ఇవి కూడా చూడండి

* వినియోగదారుల రక్షణ చట్టం, 2019
* యూపీఐ
* భారతీయ రిజర్వు బ్యాంకు
* సైబర్ నేరాలు